బడిలో తెర ఎంతసేపు? 1–8 తరగతులకు ఒక పేజీ నియమం రాయాలి, సాయం పట్టండి

సుద్దముక్క

అందరికీ నమస్కారం. 1 నుంచి 8 దాకా ఉన్న ప్రభుత్వ ప్రాథమికోన్నత పాఠశాల కోసం అడుగుతున్నాను. 1–5 తరగతులకు స్మార్ట్ టీవీ ఉంది. 6, 7, 8 గదుల్లో ఐఎఫ్‌పీలు (చేత్తో తాకి నడిపే పెద్ద తెర ప్యానెళ్లు) ఉన్నాయి. ఇవి కాక 30 ట్యాబ్‌లున్న గది ఒకటి. వచ్చే యాజమాన్య కమిటీ సమావేశానికి తెర వాడకం మీద ఒక పేజీ నియమం రాసి తెమ్మన్నారు. ఏ తరగతికి ఎన్ని నిమిషాలు, ఎవరి చేతిలో ఉండాలి, దేనికి వాడొచ్చు, దేనికి కూడదు అన్నవి అందులో ఉండాలి. ‘ఈకాలం పిల్లలు పాడైపోతున్నారు’ లాంటి మాటలు కమిటీలో ఎలాగూ వింటాం కాబట్టి ఇక్కడ వద్దు. గదిలో అమలయ్యేవి చెప్పండి.

లెక్కల_పంతులు

ముందు మీ దగ్గరున్న మూడు తెరలనూ వేరు చేయండి సార్. టీవీని పిల్లలు చూస్తారు, అంతే. ఐఎఫ్‌పీ టీచర్ చేతిలో ఉంటుంది. ట్యాబ్ పిల్లాడి చేతిలో ఉంటుంది. మూడింటికీ కలిపి ‘రోజుకు గంట’ అని రాస్తే ఆ కాగితం గోడమీద అతికించడానికే పనికొస్తుంది.

ఇంకో జాగ్రత్త. కమిటీలో ఎవరో ఒకరు ప్రజ్ఞాత మార్గదర్శకాలు ఎత్తుతారు. 1–8 తరగతులకు రోజుకు 30–45 నిమిషాల సెషన్లు రెండుకు మించకూడదని అందులో ఉన్నమాట నిజమే. కానీ అవి 2020లో బడులు మూతపడినప్పుడు ఇంటి నుంచి నడిచే ఆన్‌లైన్ క్లాసుల కోసం కేంద్రం ఇచ్చినవి. పైగా అది ‘ఇంతకు మించొద్దు’ అనే గీత. దాన్ని ‘గంటన్నర వాడొచ్చట’ అని చదివే బడులు ఉన్నాయి.

ట్యాబ్ వల్ల లాభం ఉందా లేదా అన్న వాదన మొదలైతే రెండు ఉదాహరణలు దగ్గర పెట్టుకోండి. పెరూలో ‘పిల్లాడికో ల్యాప్‌టాప్’ పథకాన్ని 319 బడుల్లో పరిశీలించారు. పదిహేను నెలల తర్వాత చూస్తే లెక్కల్లోగానీ భాషలోగానీ తేడా కనబడలేదు. రెండోది ఢిల్లీలో మైండ్‌స్పార్క్ కేంద్రాలు. బడి అయ్యాక 45 నిమిషాలు సాఫ్ట్‌వేర్ మీద సాధన, ఇంకో 45 నిమిషాలు చిన్న గుంపుగా మనిషి చెప్పే పాఠం. నాలుగున్నర నెలల్లోనే లెక్కల్లో, హిందీలో చెప్పుకోదగ్గ మెరుగుదల వచ్చింది. ఆరో తరగతి పిల్లాడికి మూడో తరగతి స్థాయి లెక్కే వస్తే అక్కడినుంచే మొదలుపెట్టించడం ఆ సాఫ్ట్‌వేర్ చేసే పని. 40 మందున్న క్లాసులో టీచర్‌కు కష్టమైన పని సరిగ్గా అదే. కాబట్టి మీ ట్యాబ్ గదిని ఆ ఒక్క పనికి కట్టేయండి. పాఠం చెప్పడానికి ట్యాబ్ వద్దు.

పలకా_బలపం

కింది తరగతుల సంగతి నేను రాస్తాను.

1, 2 తరగతులకు ట్యాబ్ సున్నా. నియమంలో ‘తక్కువగా’ అని రాయకండి, ‘ఇవ్వరాదు’ అనే రాయండి. తెలుగు రాత నేర్చుకునే పిల్లాడు అక్షరాన్ని చూసి గుర్తుపడితే చాలదు. ప, ఫ, ష, ఘ నాలుగూ ఒకే కుదురు మీద నిలబడినవి. పొట్టలో గీత ఎక్కడ తిరిగింది, కింద చీలిక ఉందా లేదా అన్నదే తేడా. ఆ తేడా పలక మీద చెయ్యి తిప్పుతుంటే పడుతుంది. ట్యాబ్ మీద వేలితో దిద్దించే యాప్‌లలో గీత కాస్త పక్కకు పోయినా ‘శభాష్’ అని చప్పట్లు మోగుతాయి. ‘లక్ష్మి’ రాయించి చూడండి. తెర మీద దిద్దినవాడు క్ష వరకు వస్తాడు, మావత్తు దగ్గర ఆగిపోతాడు. అది ఎక్కడ మొదలుపెట్టి ఎటు లాగాలో ఆ యాప్ వాడికి చెప్పలేదు. వేలితో రాస్తే బలపం పట్టు కూడా రాదు. మూడో తరగతిలో అరపేజీ రాసేసరికి చెయ్యి నొప్పి అనేది ఇందుకే.

టీవీ విషయానికొస్తే గేయాలకూ కథలకూ బొమ్మ అవసరం లేదు. బ్లూటూత్ స్పీకర్‌లో పాట పెట్టి పిల్లల్ని నిలబెట్టి ఆడించండి. తెర ఆపి శబ్దం మాత్రమే వాడడం మనవాళ్లకు తట్టదు. టీవీ ఉంది కదా అని అన్నీ టీవీలోనే పెడతారు. బొమ్మ నిజంగా కావలసింది పిల్లలు చూడని వస్తువుకే. తిమింగలం, మంచుకొండ, పత్తి నుంచి గింజ తీసే యంత్రం లాంటివి. వాటికి 5–8 నిమిషాలు చాలు.

కళ్లద్దాల_కొట్టు

కంటి పరీక్షల పక్షాన కొన్ని కొలతలు.

65 అంగుళాల ప్యానెల్ ఎత్తు సుమారు 81 సెం.మీ. తెర మీద రాత చదవాలంటే కూర్చునే దూరం ఆ ఎత్తుకు ఆరు రెట్లు దాటకూడదన్నది వాడుకలో ఉన్న లెక్క. అంటే దాదాపు 16 అడుగులు. 75 అంగుళాలదైతే 18. 24 అడుగుల గదిలో చివరి బెంచీ 20–22 అడుగుల దూరంలో ఉంటుంది. అక్కడి పిల్లలకు తెర కనిపిస్తుంది గానీ రాత ఆనదు. వాళ్లు కళ్లు చికిలించి చూస్తారు, లేదా పక్కవాడి పుస్తకంలోంచి ఎక్కించుకుంటారు.

దూరాన్ని 200తో భాగిస్తే కావలసిన అక్షరం ఎత్తు వస్తుంది. 22 అడుగులంటే 6.7 మీటర్లు. కాబట్టి అక్షరం 3.4 సెం.మీ. ఉండాలి. తెలుగులో పైన గుడి, కింద వత్తు ఉంటాయి కనుక వరుసల మధ్య ఖాళీ కూడా ఎక్కువ కావాలి. లెక్కవేస్తే 65 అంగుళాల తెర మీద ఎనిమిది వరుసలకు మించి పట్టవు. పీడీఎఫ్ పాఠ్యపుస్తకం పేజీ మొత్తం తెరకెక్కించి ‘చదవండి’ అనడం వెనక బెంచీలకు దండగ. ఆ పుస్తకం వాళ్ల సంచీలోనే ఉంది కదా!

ట్యాబ్ అయితే దూరం ముఖ్యం. మోచేయి బల్లమీద ఆనించి పిడికిలి చెంపకు పెట్టుకుంటే ఎంత దూరమో, కంటికీ ట్యాబ్‌కీ మధ్య కనీసం అంత ఉండాలి. 8.7 అంగుళాల తెర మీద చిన్న అక్షరాలుంటే పిల్లలు జానెడు దూరానికి లాక్కుంటారు. ‘దూరం పెట్టు’ అని అరిచే బదులు అక్షరాల సైజు పెంచండి. ట్యాబ్‌ను పుస్తకాల స్టాండు మీద నిలబెట్టండి.

ఒక దిద్దుబాటు కూడా. హ్రస్వదృష్టికి (దూరంగా ఉన్నవి మసకగా కనబడడానికి) తెర ఒక్కటే కారణమని కమిటీలో చెప్పకండి. దగ్గర పని ఏదైనా, పుస్తకమైనా, ఎక్కువసేపు చేస్తే అంతే. ఆరుబయట వెలుతురు తగ్గడం పెద్ద కారణం. చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒకటో తరగతి పిల్లలకు బడిలో రోజూ 40 నిమిషాలు అదనంగా బయట గడిపించారు. మూడేళ్లలో కొత్తగా హ్రస్వదృష్టి వచ్చినవాళ్లు ఆ బడుల్లో 30.4 శాతం, మిగతా బడుల్లో 39.5 శాతం. అంచేత ఆటల పీరియడ్ తీసి ట్యాబ్ గదికి ఇస్తే రెండు వైపులా నష్టం. ఇది నియమంలో ఒక వాక్యంగా పెట్టండి. నీలికాంతి కళ్లద్దాలు అమ్మజూపేవాళ్లు వస్తే మర్యాదగా పంపేయండి.

సోషల్_సార్

అందరూ తెరను తగ్గించే పనిలోనే ఉన్నారు. ఎదురు మాట ఒకటి వినండి.

నదీ పరీవాహక ప్రాంతాలు చెప్పాలంటే చినిగిన గోడపటం కంటే ఐఎఫ్‌పీ వంద రెట్లు మేలు. గోదావరిని త్ర్యంబకేశ్వరం నుంచి అంతర్వేది దాకా తెర మీద లాక్కుంటూ వెళ్తే ప్రాణహిత ఎక్కడ కలిసింది, శబరి ఎక్కడ కలిసింది అనేది పిల్లలు మళ్లీ మర్చిపోరు. ఇక ఏకోపాధ్యాయ బడుల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఒక్క టీచర్, ఐదు తరగతులు. ఒక గుంపుకు టీవీ పెట్టి ఇంకో గుంపుకు పాఠం చెప్పుకోవడం తప్ప దారేది? ‘8 నిమిషాలు చాలు’ అని రాసేవాళ్లు ఆ గదిలో ఒక పూట నిలబడి చూడాలి.

పలకా_బలపం

సార్, ఏకోపాధ్యాయ బడి కష్టం కాదనను. కానీ 40 నిమిషాలు టీవీ ముందు కూర్చోబెట్టిన గుంపు పన్నెండో నిమిషం నుంచే గోల మొదలుపెడుతుంది. అప్పుడు రెండో గుంపు పాఠమూ పోతుంది. దానికి మందు ముందే రాసిపెట్టిన పని. బోర్డు మీద మూడు ప్రశ్నలు రాయండి. వీడియో 10–12 నిమిషాలు. అది ఆగగానే జవాబులు నోట్సులో రాయాలి, బొమ్మ గీయాలి, పక్కవాడితో మార్చుకుని దిద్దాలి. తెర పన్నెండు నిమిషాలు, పని ఇరవై అయిదు నిమిషాలు. రిమోట్ పెద్ద తరగతి పిల్లల్లో ఒకరికి అప్పగించండి. తరువాతి వీడియో దానంతటదే మొదలయ్యే ఆటోప్లే తీసేయండి, ముంచేది అదే.

తాళంచెవి

ఆటోప్లే మాట వచ్చింది కాబట్టి సాంకేతికం నేను చెప్తాను.

యూట్యూబ్‌ను క్లాసులో నేరుగా తెరవద్దు. ప్రకటన, పక్కన సిఫారసులు, కింద వ్యాఖ్యలు మూడూ పాఠాన్ని మింగేవే. ప్రభుత్వ పాఠాల యాప్ దీక్షలో దొరికే పాఠాలను ముందురోజే ఆఫ్‌లైన్‌కు దించుకోండి. మన పుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు ఉన్నది అందుకే. సొంతంగా చేసుకున్న వీడియోలను పెన్‌డ్రైవ్‌లో ‘తరగతి–సబ్జెక్టు–పాఠం’ పేరుతో పెట్టుకుంటే క్లాసులో వెతుకులాట ఉండదు.

బడి వైఫైకి కుటుంబ వడపోత ఉన్న డీఎన్ఎస్ (పిల్లలకు తగని సైట్లు తెరుచుకోకుండా ఆపే సెట్టింగు) పెట్టించండి. రౌటర్ సెట్టింగుల్లో అయిదు నిమిషాల పని, ఖర్చు లేదు. అయితే పిల్లాడు ఫోన్ హాట్‌స్పాట్‌కు కలుపుకుంటే ఆ వడపోత వర్తించదు. అందుకని ట్యాబ్‌లోనే బడి వైఫై తప్ప వేరేదానికి కలవకుండా ఎండీఎంలో (ట్యాబ్‌లకు తాళం వేసి అదుపు చేసే సాఫ్ట్‌వేర్‌లో) కట్టాలి.

ఎండీఎం మీద కూడా మరీ భరోసా వద్దు. 2022 డిసెంబర్ 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో మొదలుపెట్టి ఎనిమిదో తరగతి పిల్లలకు ఇచ్చిన శాంసంగ్ ట్యాబ్‌లలో తాళం సాఫ్ట్‌వేర్ ఉంది. అయినా కొన్నిచోట్ల సెల్ షాపుల్లో దాన్ని తీయించి యూట్యూబ్, ఆటలు వేయించుకున్నారని పత్రికల్లో వచ్చింది. అమెరికాలో కూడా 2013లో లాస్ ఏంజెలెస్ బడులు ఐప్యాడ్‌లు ఇస్తే కొద్దిరోజుల్లోనే పిల్లలు తాళం తప్పించేశారు. ఇంటికి వెళ్లే ట్యాబ్‌కు ఏ తాళమూ కలకాలం నిలవదు. బడి బీరువాలో ఉండే ట్యాబ్‌కు మామూలు ఇనుప తాళం చాలు. మీవి గదిలోనే ఉంటాయంటున్నారు కాబట్టి సగం సమస్య తీరినట్టే. ఇంటికి పంపొద్దు.

కంపెనీ పాఠాల గురించి ఇంకొక్కటి. 2022 నాటి ట్యాబ్‌లలో ఎక్కించినది బైజూస్ కంటెంట్. 2024లో ఆ కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. అయిదేళ్లు వాడే పరికరంలో ఒకే కంపెనీ యాప్ మీద టైమ్‌టేబుల్ కట్టుకోకండి.

డాలస్_నాన్న

ఇక్కడి బడుల పద్ధతి కూడా చెప్తాను, పోల్చుకోవడానికి పనికొస్తుంది. అమెరికాలో చాలా జిల్లాల్లో పిల్లాడికో క్రోమ్‌బుక్, అంటే చిన్న ల్యాప్‌టాప్. ఆయా సాఫ్ట్‌వేర్లు వారానికి ఎంతసేపు వాడాలో కంపెనీలే చెప్తాయి. ఉదాహరణకు ఐ–రెడీకి సబ్జెక్టుకు వారానికి 30–49 నిమిషాలు. అది పెద్ద లెక్కేమీ కాదు. కానీ దానికి తోడు క్విజ్ తెర మీదే, చదివే కథ తెర మీదే, పని ముందే ముగించినవాడికి ఆట కూడా తెర మీదే. కలిపి చూస్తే రోజుకు రెండు మూడు గంటలు తేలుతుంది, ఏ టీచరూ అంత పెట్టమని అనకపోయినా.

కాబట్టి మీ నియమంలో ‘పని ముందుగా అయిపోయిన పిల్లలకు ట్యాబ్ ఇవ్వరాదు’ అని తప్పకుండా రాయండి. ఖాళీ సమయం అంతా అక్కడినుంచే కారిపోతుంది. వాన పడి ఆటలు లేనప్పుడు, సబ్‌స్టిట్యూట్ టీచర్ వచ్చినప్పుడు కూడా అంతే. అలాంటప్పుడు ఇవ్వడానికి గదిలో ఒక అల్మారా కథల పుస్తకాలు, క్యారమ్ బోర్డు, జామెట్రీ పని ఉండాలి.

సోషల్_సార్

లీజర్ పీరియడ్‌లో ఐఎఫ్‌పీ మీద సినిమా పెట్టడం మన దగ్గరా మామూలే. ఆ మాట ఒప్పుకుంటాను.

భవిత_మేడం

ప్రత్యేక అవసరాల పిల్లల్ని మరిచిపోయారు. చూపు తక్కువ ఉన్న పిల్లాడికి ట్యాబ్ అంటే భూతద్దం. బోర్డును ఫొటో తీసి పెద్దది చేసుకుని చూస్తాడు. వినికిడి లోపం ఉన్నవాళ్లకు వీడియో కింద అక్షరాలు రావాలి. మాట రాని పిల్లలకు బొమ్మ నొక్కితే మాట పలికే యాప్ ఉంటుంది, అది వాళ్ల నోరు. దాన్ని ‘మీ సమయం అయిపోయింది’ అని లాక్కుంటే ఎలా? వాళ్ల పేర్లు గోడమీద కాగితంలో రాయొద్దు. ‘వ్యక్తిగత విద్యా ప్రణాళికలో ఉన్న సహాయక పరికరాలకు ఈ నిమిషాలు వర్తించవు’ అని ఒక్క వాక్యం చాలు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం తగిన సౌకర్యం కల్పించడం బడి బాధ్యత.

ఇంకోటి, మిగతా పిల్లలు ‘వాడికెందుకిచ్చారు’ అని అడుగుతారు. కళ్లద్దాలు ఎందుకిచ్చారో అందుకే అని చెప్పండి.

సుద్దముక్క

చాలా ఉపయోగపడే మాటలు. లెక్కల పంతులు గారూ, ట్యాబ్ గదిలో 45 నిమిషాల పీరియడ్ ఎలా నడపాలో కాస్త విడమరిచి రాస్తారా? పంచడం, లాగిన్, పాస్‌వర్డ్ మర్చిపోవడం, వీటికే సగం పోతోందని ఫిర్యాదు.

లెక్కల_పంతులు

సగం పోవడం మామూలే. తగ్గించే మార్గాలున్నాయి.

ట్యాబ్ వెనక పెద్ద అంకె అతికించండి. హాజరుపట్టీలో వరుస సంఖ్య ఎంతో ట్యాబ్ నంబరు అంతే, ఏడాదంతా మారదు. లాగిన్ పేరు, పాస్‌వర్డ్ చిన్న అట్టముక్క మీద రాసి ట్యాబ్‌తోనే కవరులో పెట్టండి. పీరియడ్ గంటకు ముందే ఇద్దరు లీడర్లు బల్లల మీద ట్యాబ్‌లు బోర్లా పెట్టి ఉంచాలి. పిల్లలు నోట్‌బుక్, పెన్సిల్‌తో వచ్చి కూర్చుంటారు.

మొదటి ఐదు నిమిషాలు ట్యాబ్ బోర్లానే. ఈరోజు ఏ మెట్టు చేయాలో బోర్డు మీద ఒక లెక్క చేసి చూపండి. తర్వాత 20, మహా అయితే 25 నిమిషాలు సాధన. లెక్క నోట్‌బుక్‌లో చేసి జవాబు మాత్రమే ట్యాబ్‌లో నొక్కాలి. ఇది ఖచ్చితంగా పట్టుకోండి, లేకపోతే నాలుగు ఆప్షన్లలో ఒక్కోటీ నొక్కుకుంటూ పోతారు. ఒక్కో లెక్క మీద ఎంతసేపు గడిపారో కొన్ని యాప్‌లు చూపిస్తాయి. రెండంకెల భాగహారానికి నాలుగు సెకన్లు పట్టిందంటే అది లెక్క కాదు, లాటరీ. ఆ పిల్లాడి పక్కన వెళ్లి కూర్చోండి.

టీచర్ ముందు బల్ల దగ్గర ఉండకూడదు, వెనక నిలబడాలి. తెరలన్నీ కనిపించేది అక్కడినుంచే. మాట్లాడాల్సి వస్తే ‘బోర్లా’ అనండి, అందరూ ట్యాబ్ తిప్పేయాలి. తెర వెలుగుతుండగా చెప్పిన మాట ఎవరికీ ఎక్కదు.

చివరి పది నిమిషాలు ట్యాబ్‌లు బోర్లా పెట్టి కాగితం మీద మూడు లెక్కలు. ఆ కాగితమే మీకు నిజమైన రిపోర్టు. యాప్‌లో 90 శాతం వచ్చి కాగితం మీద ఒక్కటీ రాకపోతే ఆ మెట్టు మళ్లీ చేయించండి.

6–8 తరగతులకు వారానికి రెండు పీరియడ్‌లు లెక్కలకు, ఒకటి భాషకు. 3–5 తరగతులకు వారానికి ఒకటి, అదీ ఇద్దరికో ట్యాబ్, 15 నిమిషాలు. ఒకరు నొక్కితే ఒకరు నోట్‌బుక్‌లో రాయాలి, మధ్యలో మారాలి. 30 ట్యాబ్‌లకు 42 మంది వచ్చినా ఇదే పద్ధతి.

వివిధ దేశాల పిల్లల చదువును పోల్చే పీసా పరీక్ష 2022 లెక్కల్లో కూడా ఇలాంటి గీతే కనిపిస్తుంది. మన దేశం అందులో పాల్గొనలేదు, పదిహేనేళ్ల పిల్లలవి, అయినా చెప్తున్నాను. బడిలో నేర్చుకోవడానికి రోజుకు గంట వరకు పరికరాలు వాడినవారికి అసలు వాడనివారికంటే లెక్కల్లో 14 పాయింట్లు ఎక్కువ వచ్చాయి. పక్కవాళ్ల పరికరాల వల్ల ధ్యాస చెదురుతోందని చెప్పినవారికి 15 పాయింట్లు తక్కువ. వాడకమే కారణమని దీన్నిబట్టి తేల్చలేం. కానీ ‘బోర్లా’ నియమం ఎందుకో చెప్పడానికి సరిపోతుంది.

డాలస్_నాన్న

ఒక సందేహం. చదవడం కూడా ట్యాబ్ మీదేనా? భాష పీరియడ్ అన్నారు.

పలకా_బలపం

చదవడం కాగితం మీదే ఉండాలి. ట్యాబ్ భాష పీరియడ్‌లో పదాల సాధన, విని రాయడం చేయించండి. 54 అధ్యయనాలు కలిపి 2018లో చూసిన విశ్లేషణలో సమాచార పాఠాలు కాగితం మీద చదివితేనే బాగా అర్థమవుతున్నట్టు తేలింది, అందులోనూ టైం పెట్టి చదివించినప్పుడు. కథల దగ్గర పెద్ద తేడా లేదు. స్వీడన్ 2023లో మళ్లీ అచ్చు పుస్తకాలు కొనడానికి డబ్బు కేటాయించింది. మనకు రెండు భాషల పాఠ్యపుస్తకం ఉచితంగా చేతికొస్తోంది, ఎదురెదురు పేజీల్లో తెలుగూ ఇంగ్లిషూ. దాన్ని తెర మీద చదివించడమేమిటి?

సోషల్_సార్

పిల్లలకు నియమం రాసి మన ఫోన్లు వదిలేస్తే కమిటీ నవ్వుతుంది. ఏపీలో 2023 ఆగస్టులో బడుల్లో ఫోన్ల మీద నిషేధం పెట్టారు. కానీ ముఖ హాజరు ఫోన్‌లో, మధ్యాహ్న భోజనం వివరాలు ఫోన్‌లో. ఫొటో ఎక్కేదాకా క్లాసులో తల పైకెత్తలేం. యాప్ పనులన్నీ మొదటి గంటకు ముందు, భోజన విరామంలో మాత్రమే అని రాయండి. పీరియడ్ మధ్యలో ఫోన్ హెచ్‌ఎం గదిలో.

సుద్దముక్క

ముసాయిదా ఇది. చూసి దిద్దండి.

‘1–2 తరగతులు: ట్యాబ్ ఇవ్వరాదు. టీవీ రోజుకు ఒకసారి, 8 నిమిషాలు. 3–5: టీవీ ఒకేసారి 12 నిమిషాలకు మించకుండా, రోజుకు రెండుసార్లు, ప్రతిసారీ రాతపని జత. ట్యాబ్ వారానికొక పీరియడ్, ఇద్దరికొకటి. 6–8: ఐఎఫ్‌పీ మీద వీడియో పీరియడ్‌కు 15 నిమిషాల లోపు. పటం, రేఖాగణితం, ప్రయోగం చూపడానికి టీచర్ నడుపుతూ వాడితే ఈ పరిమితి లేదు, తెర మీద ఎనిమిది వరుసలకు మించి రాత ఉండరాదు. ట్యాబ్ వారానికి మూడు పీరియడ్‌లు, ఒక్కోదానిలో 25 నిమిషాలు. ట్యాబ్ ఇంటికి వెళ్లదు. ముందుగా పని ముగించినవారికి, లీజర్‌లో, ఆటల పీరియడ్‌లో తెర లేదు. సహాయక పరికరాలకు ఈ నిమిషాలు వర్తించవు. యాప్ పనులు పీరియడ్‌లో చేయరాదు.’

కళ్లద్దాల_కొట్టు

25 నిమిషాల మధ్యలో ఒకసారి కిటికీలోంచి దూరంగా చూపించాలని చేర్చండి. 20 సెకన్లు చాలు. ఐఎఫ్‌పీకి ఎదురుగా కిటికీ ఉంటే తెర మీద వెలుగు పడి మెరుస్తుంది. ఆ ఒక్క కిటికీకి కర్టెన్ కట్టండి. గదంతా చీకటి చేయొద్దు. ముందు బెంచీ ప్యానెల్‌కు ఆరడుగుల లోపు ఉండకూడదు.

భవిత_మేడం

‘ఈ నిమిషాలు వర్తించవు’ పక్కన ‘ఇంటికి వెళ్లదు అన్నదీ వర్తించదు’ అని కూడా రాయండి. మాట పలికించే పరికరం సాయంత్రం బీరువాలో పెడితే ఆ పిల్ల ఇంట్లో ఎలా మాట్లాడుతుంది?

తాళంచెవి

నియమానికి కాదు గానీ, బీరువా కోసం. 30 ట్యాబ్‌లు 15 వాట్ల చొప్పున 450 వాట్లు, లోడ్ సమస్య కాదు. చౌక ఎక్స్‌టెన్షన్ బాక్సులు వేడెక్కడమే సమస్య. ఐఎస్ఐ గుర్తున్నవి తీసుకుని, ఒక్కో విడతకు పదిహేను, తలుపు తెరిచి, మనిషి ఉన్నప్పుడే చార్జింగ్ పెట్టండి. రాత్రంతా తాళం వేసిన గదిలో వద్దు. 5,100 ఎంఏహెచ్ బ్యాటరీకి మీ వాడకంలో వారానికి రెండుమూడు చార్జింగ్‌లు చాలు. వేసవి సెలవులకు ముందు 50 శాతం చార్జింగ్‌లో ఆపేసి, రేకుల గదిలో కాకుండా చల్లటి గదిలో పెట్టండి. నిండుగా చార్జ్ చేసినా, పూర్తిగా ఖాళీ చేసినా జూన్‌లో కొన్ని బ్యాటరీలు ఉబ్బి కనిపిస్తాయి. వెనక మూత లేచినట్టున్న ట్యాబ్‌ను చార్జింగ్‌కు పెట్టకండి, పక్కన తీసేయండి.

సుద్దముక్క

అన్నీ చేర్చాను. కమిటీ సమావేశం శనివారం. ‘ఇంటికి వెళ్లదు’ దగ్గర తల్లిదండ్రుల్లో సగం మంది పట్టుబడతారని అనుమానం, ‘మా పిల్లాడి ట్యాబ్ మాకివ్వండి’ అని. ఆ ప్రశ్నకు తాళంచెవి గారి సెల్ షాపు పేరానే చదివి వినిపిస్తాను.